పదకొండో నంబరు మందు

"చర్మం విషయంలో ఈ ప్రభుత్వానికి తరతమ భేదం లేదు! అధికారి చర్మమైనా, గొర్రెల కాపరి చర్మమైనా, మానవ చర్మం ఒక్కటే!"

ఇంత గొప్ప మాట అన్నది ఏ మహాత్ముడో కాదు, గొర్రెల ఆరోగ్య ప్రయోగశాల అధికారి రఘుపతి. అన్నది సభలోనూ కాదు. పంతొమ్మిది వందల అరవై రెండు వేసవిలో, పాలమూరు జిల్లాలో, మూడు బీకర్లూ ఒక బీరువా ఉన్న తన గదిలో కూర్చుని, ఎదురుగా చేతులు కట్టుకు నిలబడ్డ కురుమయ్య ఒక్కడితో అన్నాడు.

కురుమయ్య చర్మం సంగతి అడగడానికి రాలేదు. మేత పర్మిటు కోసం వచ్చాడు. ఊరి చుట్టూ గడ్డి మాడిపోయింది. నలభై గొర్రెలు ముళ్లకంపలు కొరుకుతూ డొక్కలు ఎగరేస్తున్నాయి. సర్కారు అడవిలోకి తోలితే జంగ్లాతువాళ్లు, అంటే అటవీశాఖవాళ్లు, పట్టుకుపోయి బందెలదొడ్లో పెడతారు. పర్మిటు ఉంటే పెట్టరు. ఆ పర్మిటుకు ఈ ఆఫీసు సిఫారసు కావాలి. ఇంకో పది రోజులు ఇట్లాగే గడిస్తే మందలో సగం మిగలదని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

"సిఫారసుదేముందయ్యా, చేద్దాం. ముందు నువ్వు దేశానికి ఒక సేవ చెయ్యాలి," అన్నాడు రఘుపతి. "గొర్రెల ఒంటిమీది పిడుదు పురుగులకు మనం పదకొండో నంబరు మందు కనిపెట్టాం. అది మనిషి ఒంటిమీద పడితే దురదా మంటా పుడతాయా అని చూడాలి. వచ్చేవారం డైరెక్టరుగారు వస్తున్నారు. ఈలోపల రిపోర్టు తయారు కావాలి."

"తోలు అందరిదీ ఒక్కటే అంటిరి గద సార్. మరి మీ చెయ్యి గీడనే ఉన్నది గద!"

బీరువా దగ్గర సీసాలు సర్దుతున్న కాంపౌండరు ఐలేశం కిసుక్కున నవ్వి, ఆ నవ్వును దగ్గు కింద మార్చేశాడు.

"పరీక్ష పెట్టేవాడే పరీక్షకు కూర్చుంటే ఆడిటువాళ్లు ఊరుకుంటారటయ్యా!" అన్నాడు రఘుపతి, ఆ దురదృష్టానికి నిజంగానే బాధపడుతున్నట్టు.

అట్లా దేశసేవ మొదలైంది. ఐలేశం గాజుగుడ్డ ముక్కను మందులో ముంచి కురుమయ్య ముంజేతికి కట్టాడు. రెండు రోజులు విప్పొద్దన్నారు, గీకొద్దన్నారు. ఇల్లు చేరకముందే చెయ్యి చురుక్కుమంది. మూడోనాడు కట్టు విప్పేసరికి చెయ్యి పండుమిరపకాయ రంగు తేలి ఉంది. దానిమీద మూడు నీటిపొక్కులు.

"మంట లేస్తాంది సార్! నిప్పు కణిక పెట్టినట్టున్నది!"

"ఫారంలో మంట అనే గడి లేదు," అన్నాడు రఘుపతి. "ఎరుపు, దురద, పొక్కులు, అంతే. రాసుకో ఐలేశం. ఎరుపు: అభ్యర్థి ఎండలో తిరిగేవాడు గనుక ఎరుపు సూర్యుడిది, మందుది కాదు. దురద... ఏమయ్యా, గీకావా?"

"గీకద్దంటిరి గద సార్!"

"గీకలేదు, కనుక దురద లేదు."

"పొక్కులు మాత్రం మూడున్నయి సార్," అన్నాడు ఐలేశం మెల్లగా.

రఘుపతి కలం కింద పెట్టాడు. సొరుగులోంచి సిఫారసు కాగితం తీసి బల్లమీద పరిచాడు. అన్నీ ఉన్నాయి దాంట్లో, సంతకం తప్ప.

"చూడు కురుమయ్యా. మందు నెగ్గిందనుకో, డైరెక్టరుగారు సంతోషంగా సంతకం పెడతారు. ఓడిందనుకో, ఆయనకు కోపం వస్తుంది. కోపంలో ఎవరైనా సంతకం పెడతారా? నువ్వే చెప్పు, అవి పొక్కులేనా?"

కురుమయ్యకు చదువు రాదు. అయినా ఆ కాగితంలో అతనికి నలభై గొర్రెలూ వరసగా కనబడ్డాయి.

"కాదు సార్. దోమలు కుట్టినయి."

"రాయి, దోమలు!"

సేవకు మెచ్చి, మందకు వాడుకొమ్మని ఐలేశం రెండు సీసాల మందు ఇచ్చాడు. ఇంట్లో కురుమయ్య భార్య గుర్వమ్మ అడగనే అడిగింది: "చెయ్యికేమైందయ్యా, గొంగట్ల దాస్తున్నవ్?"

నిజం చెబితే గుర్వమ్మ చీపురు పట్టుకుని నేరుగా ఆఫీసుకు పోతుంది. పర్మిటు గంగలో కలుస్తుంది.

"ఏం గాలె. మందు మంచిగున్నది. వెన్న రాసినట్టు సల్లగున్నది," అన్నాడు కురుమయ్య పళ్లు బిగబట్టి.

డైరెక్టరు రానే వచ్చాడు. ఆఫీసు ముందర షామియానా, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఊరి గొర్లకాపరులంతా ఒకచోట. ఆ కులంలో పెద్దమనిషి గడప తొక్కితే కొత్త గొంగడి కప్పి మర్యాద చేస్తారు. గుర్వమ్మ రెండు గొంగళ్లు మడిచి పట్టుకుని వచ్చింది. పక్కనుంచి పోతుంటే కురుమయ్య ముక్కుకు ఘాటైన వాసన తగిలింది. ఆ వాసన అతనికి బాగా తెలుసు.

"ఏందే గీ వాసన?"

"గా మందే. పెద్దసార్లకు పురుగు పట్టని గొంగడి కప్పాల్నని రెండు సీసలూ గోలెంల పోసి, కట్టెతోని తిప్పి నానబెట్టిన. తీసి ఆరేస్తుంటె చేతులు జర మండినయి గని, సల్లగుంటదని నువ్వే సెప్తివి గద!"

కురుమయ్య గొంగళ్లవైపు ఒక చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు. ఆపుదామంటే ఆడిన అబద్ధం బయటపడుతుంది, సంతకం పోతుంది. ఊరుకుంటే ఏమవుతుందో అతని ముంజేతికి తెలుసు. నోరు మూసుకున్నాడు. అయ్యో పాపం అనుకోకండి, ఆ ఆఫీసులో నేర్చుకున్న విద్యే అది!

డైరెక్టరుకొకటి, రఘుపతికొకటి గొంగళ్లు కప్పారు. చప్పట్లు కొట్టారు. ఎండకు చెమటలు కారాయి, చెమటకు గొంగళ్లు తడిశాయి. రఘుపతి రిపోర్టు చదవడం మొదలుపెట్టాడు.

"ఎరుపు... లేదు." మెడ ఒకపక్కకు వంచాడు. "దురద..." భుజం ఎగరేశాడు. "దురద బొత్తిగా... అబ్బా... లేదు!"

డైరెక్టరు రెండు చేతులూ గొంగట్లోకి పోయి చాలాసేపైంది. "రఘుపతీ! ఏమిటయ్యా ఇది?" అన్నాడు పళ్లమధ్య నుంచి.

"మోటు ఉన్ని సార్! నాటు గొంగడి! దురద దానిది!"

ఆ మాటకు గుర్వమ్మకు ఒళ్లు మండింది. "మా గొంగడిననకుండ్రి సారూ! పుట్టిన పోరలను గీంట్లనే సుట్టి పెంచుకుంటం. పైంగ మీ మందులనే నానబెట్టి తెచ్చిన!"

గీకితే రిపోర్టు అబద్ధం. రిపోర్టు నిజమైతే గీకడానికి లేదు. ఇద్దరు అధికారులూ వందమంది కళ్లముందు, కళ్లనీళ్లు పెట్టుకుంటూ, కదలకుండా కూర్చున్నారు.

కురుమయ్య లేచి, బల్లమీది సిఫారసు కాగితం డైరెక్టరు ముందుకు జరిపాడు.

"మందు నెగ్గింది గద సార్. గీడ జర సంతకం పెట్టుండ్రి."

డైరెక్టరు పెట్టాడు. ఆ సంతకం వంకరలు చూసి జంగ్లాతువాళ్లు తర్వాత మూడుసార్లు అనుమానపడ్డారు గానీ, ముద్ర ఉంది గనుక వదిలేశారు. జీపు ఊరు దాటకముందే ఒక గొంగడి బాటమీద పడిందని చూసినవాళ్లు చెప్పారు.

నెల తిరిగింది. అడవి మేతతో డొక్కలు నిండిన మందను తోలుకుంటూ కురుమయ్య ఆఫీసు ముందునుంచి పోతుంటే, ఐలేశం గోడకు ఏదో ఉత్తరువు అంటిస్తున్నాడు.

"ఏం రాసిండ్రు ఐలేశం సారూ?"

ఐలేశం గొంతు సవరించుకుని చదివాడు: "పదకొండో నంబరు మందు మానవ చర్మానికి ఎట్టి హానీ చేయదని శాస్త్రీయముగా రుజువైనది. కాపరులు నిర్భయముగా వాడవచ్చును. అధికారులు మాత్రము దానిని ఏ పరిస్థితిలోనూ తాకరాదు."

కురుమయ్య ముంజేతి మీది మూడు మచ్చలను తడుముకున్నాడు.

"అయితె మేం మనుషులమని సర్కారే రాసిచ్చిందన్నట్టు," అన్నాడు. "మరి సార్లు ఏందో గూడ ఎవరన్న పరీక్ష చేసిండ్రా?"

ఐలేశం ఈసారి నవ్వును దగ్గు కింద మార్చలేదు.