సమ్మక్క కాళ్లకు సన్మానం

మీ కాళ్ల మీద నీలం నరాలు ఉబ్బి, మెలికలు తిరిగాయా? అయితే అందుకోండి నా అభినందనలు! వెరికోస్ వెయిన్స్ జబ్బని ఎవరన్నారు? ఒళ్లు దాచుకోకుండా పనిచేసినవాళ్లకు దేవుడు స్వయంగా ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్ అది. ట్రాఫిక్ కానిస్టేబుల్, దోసెల మాస్టర్, స్కూల్ టీచర్... వీళ్లకు దక్కుతుంది. రోజంతా కుర్చీలో జారగిలబడే నాలాంటివాడికి ఎక్కడిది ఆ భాగ్యం?

నమ్మకపోతే ఆబిడ్స్‌లో సదాశివగారి చీరల షోరూముకెళ్లి సమ్మక్కను చూడండి. పొద్దున్నే గౌలిగూడ నుంచి వచ్చి పట్టుచీరల కౌంటర్ వెనక నిలబడుతుంది. షట్టర్ దించేదాకా నిలబడే ఉంటుంది. ఆమెకు గడియారంతో పనిలేదు. పిక్కలు గుంజితే మధ్యాహ్నం, పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే సాయంత్రం. ఎంత సౌకర్యం!

సదాశివగారి తండ్రి కాలంలో ఇంత అభివృద్ధి లేదు పాపం. గుమాస్తాలు తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చీరలు విప్పేవారు. ఇప్పుడు దుకాణం షోరూమ్ అయింది. ఏసీ వచ్చింది, గాజు కౌంటర్ వచ్చింది, భార్యలు చీరలు ఎంచుతుంటే భర్తలు కునుకు తీయడానికి సోఫా వచ్చింది. అమ్మేవాళ్లు కూర్చోవడం ఒక్కటే పోయింది.

ఈమధ్య సమ్మక్క చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడింది. కాలు పనిచేయకపోతే కౌంటర్ పోతుంది, కౌంటర్ పోతే ఇల్లు గడిచేదెట్లా? నాంపల్లిలో డాక్టర్ హైందవి దగ్గరికి పరుగెత్తింది. డాక్టరమ్మ స్కాన్ చేసి, ఓపిగ్గా చెప్పింది.

"కాళ్లలో రక్తం పైకి, గుండెకి వెళ్లాలి కదమ్మా. మళ్లీ కిందకి జారకుండా నరాల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. మీకవి వదులైపోయాయి. లేజర్‌తో ఆ పాడైన నరాన్ని మూసేద్దాం. రక్తం మంచి నరాల్లోంచి పోతుంది. అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చండీ. కానీ మళ్లీ ఇలాగే రోజంతా నిలబడితే రెండో కాలూ ఇంతే. మధ్యమధ్యలో కూర్చోవాలి."

ఆపరేషన్ మాట వినగానే సదాశివగారు కరిగిపోయారు. "ఏం ఫికర్ చెయ్యకు సమ్మక్కా, ఖర్చంతా దుకాణానిదే!" అన్నారు. అన్నట్టే పెట్టుకున్నారు కూడా. అబద్ధమెందుకు చెప్పాలి, మంచి మనిషే.

కాలు నయమై, డాక్టరమ్మ ఇచ్చిన బిగుతు మేజోళ్లు తొడుక్కుని సమ్మక్క పనిలోకి వచ్చింది. "సేటూ, జర ఒక స్టూల్ ఇప్పియ్యున్రి. గిరాకీ లేనప్పుడు కూసుంట," అంది.

"ఏంది సమ్మక్కా గట్లంటవ్! మనం కూసుంటే గిరాకీకి ఇజ్జత్ ఇచ్చినట్టుంటదా? మళ్ల గట్లయితే మళ్ల ఆపరేషన్ చేపిద్దాం తీ!" అన్నారు సేటు, గల్లా దగ్గర తన నడుం వెనక మెత్త సర్దుకుంటూ.

చూశారా ఎంత ఔదార్యమో! రెండో కాలుకు లేజర్ అయినా సరే, స్టూల్ మాత్రం వద్దు. లోకంలో ఇలాంటి యజమానులు ఉన్నంతకాలం నరాల డాక్టర్లకు ఏ లోటూ రాదు.

అంతటితో ఆగారా? షోరూమ్ వార్షికోత్సవం నాడు, నమ్మకంగా పనిచేస్తున్నందుకు సమ్మక్కకు సన్మానం పెట్టారు. మనలో నిలబెట్టి శాలువా కప్పితే మర్యాదగా ఉండదు కదా! అందుకని ఎర్ర వెల్వెట్ కుర్చీ కిరాయికి తెప్పించి, కౌంటర్ ముందు వేయించి, కూర్చోబెట్టారు. దండ వేశారు. సమ్మక్క కళ్లు తుడుచుకుంది. సన్మానానికి పొంగిపోయిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ షోరూములో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

ఫొటో తీయడం అయింది. "ఇగ లెవ్వు సమ్మక్కా, గిరాకీలొచ్చిన్రు," అన్నారు సేటు ప్రేమగా. "కుర్చీ గూడ వాపస్ పంపాలె."

ఆ ఫొటోను పెద్దది చేయించి పట్టుచీరల కౌంటర్ పైన గోడకు తగిలించారు. అటు వెళ్తే తప్పకుండా చూడండి. ఫొటోలో సమ్మక్క దర్జాగా కూర్చుని ఉంటుంది. దాని కిందే, కౌంటర్ వెనక, నిలబడి ఉంటుంది.