బోర్డు మీద దేవేంద్రప్ప పేరు

ఆ ఆదివారం ఉదయం పాస్టర్ ఏసుకుమార్ పెట్టుకున్న పని చాలా చిన్నది. జనం రాకముందే ప్రార్థన బోర్డు మీద ఒక పేరు రాయాలి. రాసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుని, ఏమీ ఎరగనట్టు ఆరాధన మొదలుపెట్టాలి. రాశాడు కూడా: 'దేవేంద్రప్ప గారు'.

దేవేంద్రప్ప టౌన్లో కట్టడాల అనుమతులు చూసే అధికారి. కొత్త చర్చి ఫైలు మార్చి నుంచి ఆయన టేబుల్ మీదే ఉంది. ఆయన వచ్చి స్థలం చూశాడు, కొలతలు సరిపోయాయన్నాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "గురువారం రాండి" అనేవాడు. కోడుమూరు వైపున్న ఆ చిన్న ఊరికి అప్పటికి పదకొండు గురువారాలు గడిచిపోయాయి.

ఏసుకుమార్‌కు నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. అనుమతి వారంలో వచ్చేస్తుందని నమ్మి ఆయన పాత చర్చిని ఏప్రిల్లోనే పడగొట్టించాడు. తొందరపడొద్దన్న పెద్దలకు విశ్వాసం మీద ముప్పావు గంట ప్రసంగం కూడా చేశాడు. ఇప్పుడు సంఘమంతా షామియానా కింద కూర్చుంటోంది. కొత్త చర్చికి తెప్పించిన బేతంచెర్ల రాళ్లు లారీ దిగి ఎండలో పడున్నాయి. వచ్చే శనివారం శంకుస్థాపనకు బిషప్ గారు వస్తున్నారు. అప్పటికి కాగితం చేతికి రాకపోతే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఏసుకుమార్‌కే తెలియదు.

పేరు పక్కన కారణం రాయలేదు. ఫైలు ఆపాడని రాస్తే ఎవరో ఒకరు మోసుకెళ్లి ఆ ఆఫీసరు చెవిన వేస్తారని భయం.

ఆ జాగ్రత్తే కొంప ముంచింది. ఆ సంఘంలో బోర్డుకు ఒక పద్ధతి ఉంది. పరీక్షలుంటే 'పరీక్షలు' అనీ, బోరు వేస్తుంటే 'బోరు' అనీ రాస్తారు. పక్కన ఏమీ లేకుండా మనిషి పేరొక్కటే ఉందంటే ఆ మనిషి మంచాన పడ్డాడని లెక్క. జబ్బేమిటని అడగకూడదు, అడిగితే విశ్వాసం లేనట్టు. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న ఈ ఆచారం గురించి ఎనిమిది నెలల కిందట వచ్చిన పాస్టరుకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

స్త్రీల సమాజం పెద్ద విశ్వాసమ్మ వస్తూనే బోర్డు చదివి గుండెమీద చెయ్యి వేసుకుంది. "సోమక్కా, చూస్తివా? మన ఫైలు సారు గదా!"

"అయ్యో! మార్చిలో వచ్చినప్పుడు బాగానే ఉండె గదక్కా," అంది పక్కనున్న సోమక్క.

"మనం పోయి చూసొద్దాం. ఇదో, ఆయప్ప కాడ ఫైలు మాట ఎత్తొద్దు. ప్రాణం మీదికొచ్చినోన్ని సంతకం అడుగుతామా?"

ఆ రోజు ఆడవాళ్లంతా కొంగులు తడిచేలా ప్రార్థించారు. చర్చి కోసం సంఘానికింత తపన ఉందా అని ఏసుకుమార్ ఉప్పొంగిపోయాడు.

మంగళవారం దేవేంద్రప్ప టేబుల్ దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటుండగా ఆరుగురు ఆడవాళ్లు బ్రెడ్డు ప్యాకెట్లూ, బనగానపల్లె మామిడిపండ్ల బుట్టా పట్టుకుని లోపలికొచ్చారు.

"ఎవరమ్మా మీరు? ఏం పని?"

"ఏసుకుమారయ్య చర్చోళ్లం. పనేం లేదు నాయనా, నిన్ను చూసిపోదామని వస్తిమి. కూర్చో, లేయొద్దు," అంది విశ్వాసమ్మ. ప్లేటు చూసి దాన్ని మెల్లగా పక్కకు జరిపింది. "ఇంగ ఇట్లాంటివి వద్దులే నాయనా."

"ఎందుకొద్దు?"

ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "పాపం, ఇంట్లోవాళ్లు ఈయప్పకు చెప్పినట్టు లేదే," అని విశ్వాసమ్మ సోమక్క చెవిలో గుసగుసలాడింది. ఆమె గుసగుస పక్క సెక్షన్ దాకా వినబడుతుంది. తర్వాత ఆయన నెత్తిన చెయ్యిపెట్టి, "ప్రభువా, ఈ బిడ్డకు ఆయుస్సు పెంచు. భార్యకు ధైర్యమియ్యి," అని ప్రార్థించింది.

దేవేంద్రప్ప చేతిలో మిగిలిన బజ్జీ ముక్క ప్లేట్లో పడేశాడు. కిందటి వారమే ఆఫీసులో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. ఆ రిపోర్టు ఇంకా రాలేదు. రక్తం తీసిన నర్సు మెడలో శిలువ ఉండటం ఇప్పుడు గుర్తొచ్చింది. అంటే రిపోర్టు తనకంటే ముందు వీళ్లకు చేరిందన్నమాట!

"మీకెవరు చెప్పినారమ్మా?"

"పాస్టరయ్యే బోర్డు మీద రాసినాడు నాయనా."

"ఎన్ని దినాలంట?"

"అది దేవుని చేతిలో ఉండాది," అని విశ్వాసమ్మ కళ్లు తుడుచుకుంది.

గురువారం ఏసుకుమార్ ఆశగా ఆఫీసుకు వెళ్తే కుర్చీ ఖాళీ. టేబుల్ అంతకంటే ఖాళీ. పన్నెండు వారాలుగా చూస్తున్న ఫైళ్ల గుట్ట లేదు.

"సారు సెలవప్పా. కర్నూల్లో ఆసుపత్రిలో చేరినాడు," అన్నాడు అటెండరు ఉరుకుందు.

"ఏమైంది?"

"నన్నడుగుతావేమప్పా? మీవోళ్లే గదా వచ్చి ప్రార్థన చేసిపోయింది. ఆ కాడినుంచి సారు ముద్ద ముట్టలేదు."

నాలుగు రోజులుగా పాస్టరు మోకాళ్ల మీద అడుగుతున్నది ఒకటే, 'ప్రభువా, ఆయన్ను ఎట్లైనా కదిలించు' అని. ఇలా కదిలించమని మాత్రం అడగలేదు. ఫైలు మాట ఎత్తకుండానే ఆఫీసు బయటికొచ్చాడు. వచ్చిన బస్సెక్కి కర్నూలు వెళ్లాడు. ఒక మనిషికి తన వల్ల కీడు జరిగిందేమోనని దారంతా కుమిలిపోయాడు.

ఆసుపత్రి మంచం మీద దేవేంద్రప్ప ఆ పొద్దునే వచ్చిన క్యాంపు రిపోర్టు కవరు విప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"రా పాస్టరూ. నాకేం జబ్బో నిజం చెప్పు."

"నన్నడుగుతారేంది సార్? మీకేం జబ్బు?"

"బోర్డు మీద రాసింది నువ్వే గదా!"

ఏసుకుమార్‌కు అప్పుడు బోధపడింది. "జబ్బని రాయలేదు సార్. మీ సంతకం కోసం రాసినా," అన్నాడు తల వంచుకుని.

ఇంతలో డాక్టరొచ్చి కవరు చింపి చూశాడు. "అన్నీ బాగుండాయి. సుగరు కూడా లేదు. మీరెందుకు చేరినారు?" అని అడిగి పక్క మంచానికి వెళ్లిపోయాడు.

దేవేంద్రప్ప మంచం దిగి చెప్పులు తొడుక్కున్నాడు. ఇక తిట్లేనని, చర్చి ఈ జన్మకు లేవదని ఏసుకుమార్ కళ్లు మూసుకున్నాడు.

"బుధవారం పొద్దున్నే మీ ఫైలు మీద సంతకం పెట్టినా," అన్నాడు దేవేంద్రప్ప. "పోయేముందు టేబుల్ మీద ఏదీ మిగలకూడదని నూటపద్నాలుగు ఫైళ్లు తేల్చినా. అన్నిటికంటే ముందు తీసింది మీదే. కాగితం రేపు మీకు అందుతాది."

"మాదే ఎందుకు సార్?"

"ఇరవయ్యారేండ్ల సర్వీసులో నా ముందుకొచ్చి ఫైలు మాట ఎత్తకుండా పోయినోళ్లు ఆ ఆడోళ్లే. పండ్లు పెట్టి, నెత్తిన చెయ్యిపెట్టి పోయినారు. మా యమ్మ పోయినంక నాకు ఎవరూ అట్ల పెట్టలేదు." ఆయన కళ్లు చెమర్చాయి.

ఏసుకుమార్ సిగ్గుపడ్డాడు. సంఘమంతా మనిషి కోసం ఏడుస్తుంటే ఫైలు కోసం ప్రార్థించింది తానొక్కడే. ఆ మాట ఆయనతో అనేశాడు కూడా.

"అది సరేగానీ, ముందు పోయి ఆ పేరు తుడిచెయ్ పో," అన్నాడు దేవేంద్రప్ప.

కాగితం శుక్రవారం వచ్చింది. శనివారం బిషప్ గారు పునాదిరాయి వేశారు. దేవేంద్రప్ప ముందు వరుసలో కూర్చుని విశ్వాసమ్మ స్వయంగా వడ్డించిన బజ్జీలు రెండు ప్లేట్లు తిన్నాడు. ఏసుకుమార్ అందరి ముందూ బోర్డు శుభ్రంగా తుడిచి, సుద్దముక్క విశ్వాసమ్మ చేతికిచ్చాడు.

అయితే ఒక్కపూటలో నూటపద్నాలుగు ఫైళ్లు కదిలాయన్న కబురు అప్పటికే చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. పాసుపుస్తకం రానివాళ్లు, పింఛను ఆగినవాళ్లు, కరెంటు కనెక్షన్ కోసం తిరుగుతున్నవాళ్లు, గుడికెళ్లేవాళ్లు, మసీదుకెళ్లేవాళ్లు కూడా ఆదివారం తెల్లవారకముందే షామియానా ముందు వరుస కట్టారు. ఆరాధన మొదలయ్యేసరికి బోర్డు మీద ఇరవైమూడు పేర్లున్నాయి. అందరూ గుండ్రాయిలా ఉన్న ఆఫీసర్లే.