జంబునాథం గారి ఎర్ర సిరా

ఒక పెద్ద అడవిలో, అన్ని పెద్ద అడవుల్లోలాగే, జరిగినదాన్ని జరగలేదనడానికి ఒక శాఖ, జరగనిదాన్ని పాఠంగా చెప్పడానికి ఇంకో శాఖ ఉండేవి. రెండింటికీ అధికారి ఒక్కరే. జంబునాథం గారు. జాతికి నక్క, వృత్తికి పెద్దమనిషి.

ఏటికి అవతలి అడవితో యుద్ధం వచ్చినప్పుడు ఇక్కడి సభ ఒక ఘనకార్యం చేసింది. కుందేళ్లకు అవతలి గట్టున మేనమామలూ మేనత్తలూ ఉన్నారు కాబట్టి నమ్మడానికి లేదని, ఇవతలి కుందేళ్లనన్నింటినీ పిల్లాపాపలతో సహా పట్టుకెళ్లి ముళ్లకంచెలో పెట్టింది. యుద్ధం ముగిశాక కంచె ఎత్తేశారు. అక్కడ కాపలా కాసినదెవరని అడిగితే ఎవరికీ గుర్తు లేదు. దస్త్రం చెదలు తినేసిందన్నారు. చెదపురుగుల్ని అడిగితే ఆ దస్త్రం తమదాకా రానేలేదన్నాయి.

బడిలో పాఠాలు చెప్పే వకుళ టీచరు తల్లి తాయారమ్మ ఆ కంచెలోంచి బతికి బయటపడ్డ కుందేలు. తాయారమ్మ తమ్ముడు పైడయ్య మాత్రం బయటికి రాలేదు. ఒక పొద్దున వరుసలో లేడు, అంతే. ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. "వాడెక్కడున్నాడో తెలిస్తే పిడికెడు మట్టి వేసి వస్తాను. ఇంకేం అడిగాను నేను?" అనేది తాయారమ్మ. ఇరవై ఏళ్లుగా ఈ మాట వింటున్న వకుళకు తల్లి అడిగిన ఆ పిడికెడు మట్టే జీవితంలో తీర్చవలసిన పెద్ద పని అయిపోయింది.

ఇలా ఉండగా అవతలి అడవివాళ్లు స్నేహయాత్రకు వస్తామన్నారు. సభవారికి ఉన్నట్టుండి హృదయం విశాలమైంది. తాయారమ్మ చేత కంచె కథ చెప్పించి ఏడో తరగతి వాచకంలో పెట్టాలని తీర్మానించారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. దాన్ని చక్కదిద్దే పని జంబునాథం గారికి పడింది.

ఆయన చక్కగానే దిద్దారు. "ముళ్లకంచె" పోయి "వసతి గృహం" వచ్చింది. "మమ్మల్ని ఎండలో నిలబెట్టేవారు" అన్నది "ప్రాతఃకాల వ్యాయామం" అయింది. "ఒక పొద్దున మా తమ్ముడు పైడయ్య వరుసలో లేడు" అన్న వాక్యం "ఒకనాడు ఒకరు సెలవు తీసుకున్నారు" అని మారింది. అంతటితో ఆయనకు ఆవులింత వచ్చింది. మిగతా వాక్యాల జోలికి పోకుండా అచ్చుకు పంపేశారు.

తర్వాత వకుళను పిలిపించారు.

"చూడండి టీచరుగారూ, ఇదీ జవాబుల కీ. పిల్లల చేత బట్టీ పట్టించండి. రచయిత్రికి కాపలావారిపై గల భావమేమి? కృతజ్ఞత. సెలవు తీసుకున్నవారు ఎక్కడికి వెళ్లిరి? ఇంటికి. అందరూ పాసయితే మీ అమ్మగారి పాఠం నిలబడుతుంది. ఫెయిలయితే కఠినమైన పాఠమని తీసేస్తాం. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

అంతా తన చేతుల్లోనే ఉన్నప్పుడు ఆయన ఈ మాటే అనేవారు.

వకుళ ఆ కీ తీసుకుని ఇంటికి వచ్చి, తల్లి ముందు పెట్టి ఏడ్చింది. ఏడుపు కన్నా కోపమే ఎక్కువ.

"అమ్మా, బట్టీ పట్టిస్తే నీ పాఠం ఉంటుంది. మామయ్య సెలవు మీద ఇంటికెళ్లాడని ఏటా నలభై మంది పిల్లలు అప్పజెబుతారు. పట్టించకపోతే ఆ పాఠమే ఉండదు. ఏం చేయమంటావు?"

తాయారమ్మ గడ్డిపరక నములుతూనే అంది. "ఆ పాఠం ఉంటే ఎంత, ఊడితే ఎంత. నువ్వు టీచరువి కదే. పిల్లలకు చదవడం నేర్పు."

వకుళ కీని పొయ్యిలో పెట్టి, మర్నాటి నుంచి పాఠాన్ని వాక్యం వాక్యం చదివించింది. ఏం రాశారు, ఏం రాయలేదు, ఒక పేరాలో అన్నదానికి ఇంకో పేరా ఒప్పుకుంటుందా లేదా అని వెతికించింది. పిల్లలు మొదట విసుక్కున్నారు. తర్వాత రుచి మరిగారు.

మూడో రోజున ఏదుపంది పిల్ల బుచ్చులు లేచింది. "టీచర్, వానలు పడేదాకా వసతి గృహం తలుపు తీయలేదని రెండో పేరాలో ఉంది. నాలుగో పేరాలో ఒకాయన నడివేసవిలో సెలవు తీసుకున్నాడు. తలుపు తీయందే ఎలా వెళ్లాడు?"

"నన్నడక్కు, పాఠాన్ని అడుగు," అంది వకుళ. 

పరీక్ష రోజున జంబునాథం గారు స్వయంగా దయచేసి, అక్కడికక్కడే జవాబులు దిద్దడానికి కూర్చున్నారు. చేతిలో లక్కతో కాచిన ఎర్ర సిరా. కృతజ్ఞత అని ఒక్కరూ రాయలేదు. ఇంటికి అని ఒక్కరూ రాయలేదు. సున్నా మీద సున్నా చుడుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. పాఠం పీడ విరగడైనట్టే.

ఆఖరున బుచ్చులు జవాబు వచ్చింది. "ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. తలుపు మూసి ఉంది. లోపలే చనిపోయి ఉండాలి. ఆ రోజు తర్వాత నీళ్లతొట్టి వైపు ఎవరూ పోలేదని అయిదో పేరాలో ఉంది. కాబట్టి తొట్టి పక్కన పాతిపెట్టి ఉంటారు."

జంబునాథం గారు ఇరవై ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నవారు. రాయని జవాబును సహిస్తారు, పిచ్చి జవాబును సహిస్తారు. ఇంత ధీమాగా రాసిన తప్పు జవాబును మాత్రం సహించలేరు. ఆయన బుర్ర వద్దనేలోపే చెయ్యి రాసేసింది.

"తప్పు. తొట్టి పక్కన కాదు. ఉత్తరం మూల, రేగుపొద కింద, మూరెడు లోతున. సున్నా మార్కులు."

కింద సంతకం చేసి, ముద్ర కూడా వేశారు.

పేపర్లు వకుళ చేతికి వచ్చాయి. పిల్లలు రాసినదానికన్నా ముందు ఆమె ఎర్రగా ఉన్నదాన్ని చదివింది. మళ్లీ చదివింది. బుచ్చులు పేపరు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది.

"సార్, ఈ రేగుపొద ఏ పేరాలో ఉంది?"

"అది... సాధారణ జ్ఞానం అనుకోండి."

"పాఠంలో లేదు, కీలోనూ లేదు. మీకెలా తెలుసు?"

"దిద్దేవాడికి పాఠం కన్నా ఎక్కువ తెలిసి ఉండాలి టీచరుగారూ," అన్నారు జంబునాథం గారు. అన్నాక గానీ ఏమన్నారో ఆయన చెవికెక్కలేదు. తరగతిలో నలభై జతల కళ్లు ఆయన్ని పేరా పేరాగా చదువుతున్నాయి.

ఆ సాయంత్రమే పిల్లలంతా కలిసి పాత కంచె స్థలంలో ఉత్తరం మూల తవ్వారు. మూరెడు లోతున పైడయ్య ఉన్నాడు. లోతు విషయంలో జంబునాథం గారు వేలెడు కూడా తప్పలేదు. తాయారమ్మ పిడికెడు మట్టి తీసుకుంది కానీ చాలాసేపు వేయలేకపోయింది. వకుళ తల్లి చెయ్యి పట్టుకుని వేయించింది.

సభ మూడుసార్లు కూడింది. అప్పటికే స్నేహయాత్రకు వచ్చి ఉన్న అవతలి అడవి అతిథులు చూస్తుండగా ఊరుకోవడం కుదరలేదు కాబట్టి జంబునాథం గారిని పదవి నుంచి తీసేశారు. నేరం ఏమిటంటే, కీలో లేని జవాబును పేపరు మీద రాయడం. కంచె మాట తీర్పులో ఎక్కడా లేదు. నలభై మంది పిల్లలూ ఫెయిలయ్యారు కాబట్టి పాఠాన్ని తొలగించారు. ఆ పిల్లలు మాత్రం వాచకంలో మిగిలిన పాఠాలన్నీ అదే తీరున చదవడం మొదలుపెట్టారని, సభవారికి నిద్ర పట్టడం లేదని వినికిడి.

నీతి: చేసిన ఘోరాన్ని దాచుకోదలచినవారు ఏం చేసినా చేయవచ్చు గానీ, పిల్లల తప్పులు మాత్రం దిద్దకూడదు.