భల్లయ్య నిద్రకు ఘన సన్మానం

ఒక పెద్ద అడవిలో పడుకోగానే అందరికీ నిద్ర పట్టేది, ఒక్క భల్లయ్యకు తప్ప. భల్లయ్య ఎలుగుబంటి. కొండచరియలు ఎక్కి తేనెపట్లు దించడంలో అతన్ని మించినవాడు లేడు. అలాంటివాడికి కొన్నాళ్లుగా కంటిమీద కునుకు లేదు.

కారణం అడిగితే భల్లయ్య ఆకాశం వంక చూసేవాడు. జరిగింది ఇంతే. ఒకరోజు పొద్దున్నే భార్య జుంటమ్మతో, "నీ గురకకు గుహ పెచ్చులూడుతోందే," అన్నాడు.

"నేనా? గురకా?" అని లేచింది జుంటమ్మ. "మా పుట్టింట్లో ఎవరికీ ఆ అలవాటే లేదు! మీ చెవుల్లో తేనెటీగలు దూరి ఉంటాయి, చూసుకోండి!"

అని, అవతలి కొండ మీదున్న పుట్టింటికి వెళ్లిపోయింది. ఇక గుహంతా తనదేనని భల్లయ్య కాళ్లు బారజాపుకుని పడుకున్నాడు. పడుకోవడమైతే పడుకున్నాడు గానీ, నిద్ర మాత్రం ఆ రోజు నుంచీ రాలేదు.

నిద్రలేని కళ్లతో చరియ ఎక్కడం ఆటలా? మొన్నామధ్య పట్టు జారి, ఒక్క గోటి మీద వేలాడాడు. అది మొదలు కొండ కింద ఒక ముసలి రాబందు మర్యాదగా వచ్చి కూర్చుంటోంది.

"ఏం అల్లుడూ, నిద్ర పట్టిందా?" అని రోజూ ఆప్యాయంగా అడుగుతుంది.

"లేదు మామయ్యా."

"కంగారేం లేదు. నిదానంగానే కానీ," అంటుంది ముక్కును రాయికేసి నూరుకుంటూ.

భల్లయ్య, ఇవాళో రేపో తను ఆ ముక్కు పాలు కావడం ఖాయమనుకుని, నేరుగా వెళ్లి సింహం కాళ్ల మీద పడ్డాడు.

"మా హయాంలో ఒకరికి నిద్ర లేదా!" అని సింహం గర్జించింది. ఆ గర్జనకు నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. అక్కడికక్కడే 'నిద్రా సంక్షేమ శాఖ' పుట్టింది. చాలాకాలంగా పదవి లేక చిక్కిపోతున్నాడు గనక నక్కను అధ్యక్షుణ్ణి చేశారు. చెవులు పెద్దవి గనక కుందేలును తనిఖీ అధికారిని చేశారు.

"మెత్తని చప్పుళ్లు చెవిన పడితే నిద్ర దానంతటదే వస్తుంది ప్రభూ," అన్నాడు నక్క. "వాన చినుకులు, ఆకుల గలగల, సన్నని పాట, అన్నీ మన దగ్గరే ఉన్నాయి. లేనిదల్లా వేదికే."

ఇప్పచెట్ల కింద వేదిక కట్టారు. దాని నడుమ ఎండుటాకుల పరుపు వేసి భల్లయ్యను పడుకోబెట్టారు. అడవంతా తరలివచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంతమంది కళ్లప్పగించి చూస్తుంటే నిద్ర ఎలా పడుతుందని భల్లయ్యకు అనుమానం వచ్చింది గానీ, పెద్దలకు తెలియదా అని ఊరుకున్నాడు.

నక్క స్వాగతోపన్యాసం పొద్దు నడినెత్తికెక్కేదాకా సాగింది. ఆ తర్వాత ఏనుగులు తొండాలతో టేకాకుల మీద నీళ్లు చిలకరించాయి. టప్... టప్... టప్. అచ్చం తొలకరి చినుకే! భల్లయ్య ఒళ్లంతా తేలికైపోయింది. కళ్లు మూతపడుతున్నాయి.

"కళ్లు మూశావేం?" అంటూ నెమలి అతని కడుపు మీదికెక్కింది. "ఇప్పుడు నా నాట్యం! నీ కోసమే కదయ్యా ఆడుతున్నాను, చూడకపోతే ఎలా?"

భల్లయ్య మొహమాటానికి చూశాడు. నెమలి దిగాక గాలి వీచింది, ఆకులు గలగలమన్నాయి, ఒక కోయిల ఎక్కడో సన్నగా కూసింది. ఈసారి నిజంగానే నిద్ర పట్టేసింది! హాయిగా, మెత్తగా...

"ఏమండీ, ఏమండీ!" అని కుందేలు అతని చెవి పట్టుకుని గుంజాడు. "నిద్రపోయారా?"

"ఆఁ? పోయాను... పోయానండీ."

"పోయాడట!" అని కుందేలు కేక పెట్టాడు. డప్పులు మోగాయి. కోతులు ఈలలు వేశాయి. నక్క పరుగున వచ్చి, ఆకులతో కుట్టిన శాలువా కప్పి, మెడలో మోదుగపూల దండ వేసి, "మన శాఖ తొలి విజయం! ఇప్పుడు భల్లయ్యగారు తమ నిద్ర గురించి రెండు మాటలు చెబుతారు," అన్నాడు.

భల్లయ్య తూలుతూ లేచి రెండు మాటలు చెప్పాడు. రెండో మాట అయ్యేసరికి నిద్ర అడవి దాటిపోయింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కునుకు పట్టడం, కుందేలు లేపడం, శాలువా కప్పడం. శాలువాలు పెరిగాయి, కళ్లు మోదుగపూలయ్యాయి. రాబందు ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటోంది.

చివరికి కుందేలుకే జాలేసింది. "పోనీ, మీకు బాగా నిద్ర పట్టే రోజుల్లో ఏ చప్పుడు వినపడేదండీ?"

భల్లయ్య ఆలోచించకుండానే నోరు జారాడు. "మా ఆవిడ గురక."

అన్నాక గానీ ఆ సంగతి అతనికే తెలియలేదు. అయ్యో, అదా! ఇన్నాళ్లూ తను వెతుక్కుంటున్నది ఆ చప్పుడునేనా!

ఆ మాట విన్న నక్క అప్పటికే మేళతాళాలతో అవతలి కొండకు బయల్దేరాడు. సాయంత్రానికల్లా జుంటమ్మ వేదిక మీద ఉంది. మెడలో దండ, కళ్లలో నిప్పులు.

"ఆస్థాన గురక విద్వాంసురాలు జుంటమ్మగారు!" అని నక్క ప్రకటించాడు. కప్పలు శ్రుతి పట్టాయి.

"ఎవడన్నాడు నేను గురక పెడతానని?" అంది జుంటమ్మ.

అడవంతా భల్లయ్య వంక చూసింది. భల్లయ్య నేల వంక చూశాడు.

జుంటమ్మ పరుపు మీద వాలింది. వాలి, కళ్లు ఇంతింత చేసి, రెప్ప వేయకుండా పడుకుంది. కప్పలు శ్రుతి పట్టీ పట్టీ గొంతులు పోగొట్టుకున్నాయి. గురక లేదు. కనీసం గట్టి నిట్టూర్పు కూడా లేదు.

సింహం జూలు విదిల్చింది. "నిండు సభలో మాకు అబద్ధం చెప్పారెవరో! భల్లయ్యా, నీ భార్య గురక పెడుతుందా, పెట్టదా? పెడుతుందంటే పెట్టేదాకా ఆమె ఈ వేదిక దిగదు. పెట్టదంటే అబద్ధమాడినందుకు రేపు పొద్దున్నే పెద్దచరియ ఎక్కి మాకు తేనె తేవాలి."

పెద్దచరియ పేరు వినగానే రాబందు రెక్కలు సర్దుకుని ఒక అడుగు ముందుకు జరిగింది.

భల్లయ్య భార్య మొహంలోకి చూశాడు. కోపంగానే ఉంది గానీ, అంతమందిలో పడుకోబెట్టినందుకు ఆమె సిగ్గుతో దండను గడ్డందాకా లాక్కుంటోంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"పెట్టదు ప్రభూ!" అన్నాడు గట్టిగా. "ఆ గురక నాదే. నా గురక నాకే వినపడి, ఇన్నాళ్లూ పాపం ఆమె మీద వేశాను. మా ఆవిడ అసలు ఊపిరి తీస్తోందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దంగా పడుకుంటుంది."

జుంటమ్మ దిగ్గున లేచింది. "విన్నారా? అందరూ విన్నారా? ఏయ్ నెమలీ, నువ్వు విన్నావా?" తర్వాత భల్లయ్య దగ్గరికొచ్చి మెల్లగా అంది. "మొహం చూడండి ఎలా పీక్కుపోయిందో. పదండి ఇంటికి."

గుహలో వాలుతూ, "నాలాంటిదానికి గురకేమిటండీ, చోద్యం కాకపోతే..." అంటుండగానే మాట ఆగిపోయింది. గుర్ర్‌ర్ర్! పైనుంచి ఒక పెచ్చు ఊడి భల్లయ్య పక్కనే పడింది. అతను చూడలేదు. అప్పటికే నిద్రపోయాడు.

పొద్దున్నే పెద్దచరియను కోతిలా ఎక్కి, తేనెపట్టు దించుకొచ్చాడు.

"నిద్ర పట్టిందా అల్లుడూ?" అని రాబందు నీరసంగా అడిగింది.

"భేషుగ్గా పట్టింది మామయ్యా!"

రాబందు ఆకలితో ఎగిరిపోయింది. ఘనత తమదేనని శాఖ కుందేలు చేత ఇంకో శాలువా పంపింది. గుహ బయట కుందేలు చెవులు రిక్కించాడు.

"భల్లయ్యగారూ, లోపల ఆ హోరేమిటండీ?"

"జలపాతమండీ," అన్నాడు భల్లయ్య తడుముకోకుండా.

నిద్రకు జలపాతాన్ని మించింది లేదని శాఖ తేల్చేసింది. ఆ కొండ మీద అది ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతూనే ఉంది.

నీతి: నిజం చెప్పినవాడికి శాలువా దక్కుతుంది, అబద్ధం చెప్పినవాడికి నిద్ర దక్కుతుంది.