గ్రూపు ఫోటోలో వంగని నడుం

ఆ ఉదయం శ్యామ్‌సుందర్ ఆలోచన చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాంపల్లిలో తను గుమాస్తాగా ఉన్న సర్కారు ఆఫీసుకు వెళ్లి, గ్రూపు ఫోటో దిగి, సాయంత్రం భార్య అహల్యతో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు పోవాలి. ఫోటోలో నిటారుగా నిలబడాలన్నది మాత్రం కొత్త పట్టుదల.

ఎందుకంటే ఆ ఆఫీసులో ఎవరూ నిటారుగా నిలబడరు. సూపరింటెండెంటు వామన్‌రావు పొట్టివాడు. పొట్టిగా పుట్టడం తప్పు కాదు, తన ముందు ఇంకెవరూ పొడుగ్గా ఉండకూడదనుకోవడం తప్పు. ఆయన గదిలోకి వెళ్లేవాళ్లు గుమ్మం దగ్గరే భుజాలు ముడిచి, మెడ దించి, ఆయన చెవి ఎత్తుకు దిగిపోయేవారు. తాటిచెట్టంత శ్యామ్‌సుందర్‌కు ఆ ప్రయాణం అందరికంటే దూరం. ఏళ్ల తరబడి దిగి దిగి, ఆదివారాలు ఇంట్లో కూడా అలాగే ఉండిపోయాడు. నడుం నొప్పి, ఆకలి సున్నా, నిద్ర సున్నా, ప్రతి మాటకూ చిరాకు.

దవాఖానలో డాక్టరు మందు రాయలేదు. "సీదా కూసో, సీదా నిలబడు. గంతే" అన్నాడు. నెల తిరిగేసరికి నొప్పి తగ్గింది. విచిత్రంగా దిగులు కూడా తగ్గింది. గడ్డం గీసుకుంటూ కూనిరాగాలు తీయసాగాడు. ఆబిడ్స్‌లో టీచరైన అహల్యకు పోయిన మొగుడు తిరిగొచ్చినట్టయింది.

"ఇయ్యాల మళ్ల వంగొస్తివనుకో, తలుపు తియ్య" అని చెప్పి మరీ పంపింది.

ఆఫీసు వరండాలో ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డలో తల దూర్చాడు. మధ్యలో వామన్‌రావు. అలవాటు ప్రకారం అందరూ దిగారు. శ్యామ్‌సుందర్ దిగలేదు.

"జర వంగవయ్యా" అన్నాడు వామన్‌రావు.

"వంగ సార్. డాక్టర్ వద్దన్నడు. నాక్కూడ వంగబుద్ధి అయితలేదు."

పక్కనే రాజమండ్రి నుంచి వచ్చిన సోమయాజులుకు చెమటలు పోశాయి. "ఇంత ధైర్యంగా నిలబడ్డాడంటే వెనకాల ఎవరో మంత్రిగారు ఉండే ఉంటారండీ" అని వెనక వరసకు ఊదాడు. వెనక వరస బెదిరిపోయి, సూపరింటెండెంటు కోసం ఒకసారి, మంత్రి కోసం ఒకసారి, రెండింతలు వంగింది. ఆ గుసగుస వామన్‌రావు చెవిన పడింది. ఆయనకసలే ముక్కు మీద కోపం.

"మంత్రి ఉండనీ, ఎవడన్న ఉండనీ! నాకంటె ఎత్తుంటడా? స్టూల్ తేండ్రి!"

స్టూలెక్కినా వామన్‌రావు తల శ్యామ్‌సుందర్ చెవి దగ్గరే ఆగిపోయింది. "టేబుల్ తేండ్రి!" బూట్లతోనే టేబులెక్కి వామనుడు త్రివిక్రముడయ్యాడు.

"సాబ్, జర కిందికి రాండ్రి" అని నల్లగుడ్డ మొత్తుకుంది.

"నన్నే దిగుమంటవా? తియ్యి!"

ఫోటోగ్రాఫర్ తీశాడు.

"నిన్ను ఆదిలాబాద్ పంపిస్త, చూడు!" టేబుల్ మీంచే అరిచాడు వామన్‌రావు. శ్యామ్‌సుందర్ లెక్క వేసుకున్నాడు: అహల్య ఉద్యోగం ఇక్కడ, తను అక్కడ. అయినా నడుం మాట వినలేదు.

"పోత సార్. గాడికి గూడ సీదానే పోత."

కోపంలో వామన్‌రావు ఫోటో ఎలా వచ్చిందో కూడా చూడలేదు. బషీర్‌బాగ్‌లో కొత్తగా వచ్చిన పెద్దాఫీసరుకు స్టూడియో నుంచే పంపించమన్నాడు. ఫిర్యాదు తనే రాశాడు. తప్పు చేసినవాడెవడో ఫోటో చూస్తేనే తెలుస్తుంది, పేరు రాయడం కూడా దండగ, వెంటనే ఆదిలాబాద్ పంపండి అని.

జవాబు రాగానే అందరినీ పిలిచి, సోమయాజులుతో గట్టిగా చదివించాడు.

"ఫోటో చూశాము. సిబ్బంది అందరూ తలలు దాచుకుంటుంటే, నిటారుగా నిలబడిన సూపరింటెండెంటు వామన్‌రావు గారి హుందాతనం మెచ్చుకోదగినది. బూట్లతో సర్కారు టేబులెక్కిన మనిషిని ఆదిలాబాద్ బదిలీ చేస్తున్నాము. అతని తల ఫోటోలో పడలేదు కనుక, ఆ పేరేదో మీరే నింపి పంపండి."

గదిలో ఒక్కో మెడా మెల్లగా పైకి లేచింది. అన్ని కళ్లూ ఆ బూట్ల మీదే వాలాయి. అంత ఎత్తున్న మనుషులతో పనిచేస్తున్నానని వామన్‌రావుకు ఆ రోజే తెలిసింది.

ఆ ఖాళీలో తన పేరు రాయడానికి ఆయన చాలాసేపు వంగవలసి వచ్చింది.