తప్పిపోయిన పేదరికం

మైలవరం తాలూకాలో పేదరికం రద్దయినట్టు పేదరిక నిర్మూలన మంత్రి బసవయ్యగారు సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు విజయవాడ గెస్ట్ హౌస్‌లో ప్రకటించారు. ఆ ప్రకటనని టైపు చేసే భాగ్యం నాకు దక్కింది. క్యాంపు ఆఫీసులో టైపిస్టుని. ‘రద్దు’ అన్న మాట కింద రెండు గీతలు కొట్టమన్నారు. కొట్టాను.

మంగళవారం ఢిల్లీ నుంచి టెలిగ్రాం వచ్చింది. పేదలున్న తాలూకాలకి ప్రత్యేక గ్రాంటు ఇస్తారట. శుక్రవారం ఒక ఆఫీసరు వచ్చి పేదరికాన్ని స్వయంగా చూస్తాడట.

మంత్రిగారు ఏమాత్రం చలించలేదు. పి.ఏ.ని పిలిచారు.

“అంతోనీ! మన పేదరికం ఎక్కడుందయ్యా?”

“రద్దు చేశాం కదండీ.”

“చేస్తే మాత్రం? ఎక్కడో ఒకచోట ఉండాలి గదా! వెతికించు.”

“పోలీసులకి చెప్పమంటారా?”

“వాళ్లకి దొరికితే లోపలేస్తారయ్యా. శుక్రవారానికి అది బయటుండాలి.”

ఇలాంటి కేసులకి మా ఊళ్లో ఒకటే అడ్రసు. భవానీపురంలో మాంత్రిక పరిశోధకులు బాబ్జాన్, జమాల్ బీ దంపతులు. జమాల్ బీ తమలపాకు మీద అంజనం రాసి చూసిందంటే, పోయిన వస్తువు ఉన్నచోటు బొమ్మకట్టినట్టు కనపడుతుంది. బాబ్జాన్ సాంబ్రాణి వేశాడంటే, ఆ పొగ ముందు నడిచి దారి చూపిస్తుంది. కృష్ణలో జారిపోయిన రిస్టువాచీనీ, హనుమాన్ జంక్షన్‌లో మాయమైన లారీనీ ఇలాగే పట్టారు. లారీ దొరికేటప్పటికి ఇంజను ఇంకా వేడిగానే ఉందట.

మంత్రిగారి వెంట అంతోనీ, నేనూ వెళ్లేసరికి అక్కడ ఇంకో కేసు నడుస్తోంది. మైలవరం పక్కనుంచి వచ్చిన కూలిమనిషి శౌరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

“కొత్తదిస్తామని నా బియ్యం కార్డు పట్టుకపోయారమ్మా. మూడు నెలలైంది. కార్డు లేందే గింజ కొలవనంటన్నాడు డీలరు. అదేడుందో చెప్పు తల్లీ, నడిచెళ్లి తెచ్చుకుంటా.”

“ఈమె ముందొచ్చిందండీ. వరసలో రావాలి,” అంది జమాల్ బీ మంత్రిగారితో.

మంత్రిగారు ప్రజాస్వామ్యవాది. వరసలోనే నిలబడ్డారు. శౌరమ్మకి ముందు.

“సరే, ఏం పోయిందండీ?”

“పేదరికం.”

“గుర్తులేమన్నా చెబుతారా?”

“నేనెప్పుడూ దగ్గర్నుంచి చూళ్లేదమ్మా.”

బాబ్జాన్ నిప్పులు ఊదుతూ తలెత్తాడు. “నగ పోయిందని ఏడ్చేవాళ్లని చూశాం. ఇది పోయిందని ఏడ్చేవాళ్లని ఇవాళే...”

“మీరు మాటలాపి పొగ వెయ్యండి.”

“పొగ వేస్తే మాట ఎలాగూ రాదు. దగ్గే వస్తుంది.”

జమాల్ బీ ఆకులోకి చూసింది. “ఆకుపచ్చ ఇనప బీరువా. పక్కన టైపు మిషను.”

శౌరమ్మ కోసం రెండో ఆకు వేసింది. చూసి మొహం చిట్లించింది.

“ఏవండీ, సాంబ్రాణి ఎక్కువేశారా? ఇందులోనూ అదే బీరువా.”

“నా పొగకి వంకలు పెట్టకు. నీ ఆకు వాడిపోయింది.”

ఆకు మార్చారు. బీరువా మారలేదు.

పొగ గుమ్మం దాటి రోడ్డెక్కింది. వెనకాల మంత్రిగారి అంబాసిడరు, దాని వెనక మేం అందరం రెండు రిక్షాల్లో. మార్కెట్ సెంటర్‌లో ట్రాఫిక్ పోలీసు చెయ్యి చూపిస్తే పొగ ఆగింది. మంత్రిగారి కారు ఆగలేదు. చివరికి పొగ మా క్యాంపు ఆఫీసులోకే వచ్చి, నా టైపు మిషను పక్కనున్న బీరువా తాళం కన్నంలో దూరింది.

తలుపు తీస్తే లోపల కట్టలు కట్టలుగా బియ్యం కార్డులు.

“అదేనండీ,” అన్నాడు అంతోని చేతులు కట్టుకుని. “కార్డున్నవాడే పేదవాడని రూలు. తమరు మూణ్ణెల్లలో పేదరికం పోవాలన్నారు. కొత్తవిస్తామని చెప్పి పాతవన్నీ వెనక్కి తీసుకున్నాం. కార్డు లేదు, పేదా లేడు.”

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. “తాలూకా పేదరికమంతా ఒక్క బీరువాలో పట్టించారా! ఒక్క కార్డు కూడా నలగలేదే!”

శౌరమ్మ తన కార్డు గుర్తుపట్టి చెయ్యి చాపింది.

“శుక్రవారం దాకా ఆగమ్మా,” అన్నాడు అంతోని. “ఆఫీసరుగారు పేదరికం ఉందని రాస్తే నీదేంటి, అందరివీ ఇచ్చేస్తాం. లేదని రాస్తే మాత్రం మళ్లీ లోపలికే.”

శుక్రవారం గెస్ట్ హౌస్ ముందు షామియానా వేశారు. మైకు, పూలదండలు, పెసరట్టు ఉప్మా సిద్ధం. కార్డులన్నిటి తరఫునా శౌరమ్మని ఆమె కార్డుతో సహా వేదిక మీద నిలబెట్టారు. ఢిల్లీ ఆఫీసరుకి హిందీ తప్ప రాదు. అందుకని బాబ్జాన్‌ని అనువాదకుడిగా పెట్టారు.

ఆఫీసరు ఉప్మా ముగించి, మూతి తుడుచుకుని, ఫారం తీశాడు. పేదరికాన్ని శాస్త్రీయంగా తేల్చడానికి కేంద్రం ఒకే ఒక్క ప్రశ్న తయారు చేసిందట.

బాబ్జాన్ అనువదించాడు. “భోంచేశారా అని అడుగుతున్నారమ్మా.”

దూరాన్నుంచి వచ్చిన పెద్దమనిషి. నలుగురిలో పలకరించాడు. శౌరమ్మ పైట భుజం నిండా కప్పుకుని నవ్వింది.

“అయిందండి. తవరు చేశారా బాబూ? పోనీ మా ఇంటికి రండి, ఓ ముద్ద తిని పోదురుగాని.”

అనువాదకుడు సొంత మాటలు కలపకూడదు. బాబ్జాన్ ఉన్నదున్నట్టు చెప్పాడు.

“అది మర్యాదకన్న మాటండీ!” అని జమాల్ బీ కింద నుంచి హిందీలో అరిచింది. “అడిగితే ఎవరైనా అలాగే అంటారు!”

ఆఫీసరు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో మర్యాదకి గడి లేదు. ‘పేదరికం లేదు. అతిథులకి సైతం భోజనం పెట్టగల స్తోమత ఉన్నది’ అని రాసి సంతకం చేశాడు.

గ్రాంటు పోతే పోయిందని మంత్రిగారు మైకందుకున్నారు. “సోమవారం నేనేం చెప్పాను? ఈ రోజు కేంద్రమే ఒప్పుకుంది!”

చప్పట్లు మోగాయి. అంతోని ఎంతో గౌరవంగా శౌరమ్మ చేతిలోంచి కార్డు తీసుకున్నాడు. వందన సమర్పణ కూడా అయిపోయింది.

జనం కదిలాక శౌరమ్మ జమాల్ బీని పక్కకి పిలిచి గొంతు తగ్గించింది.

“అమ్మా, మీ ఇంట్లో గంజేమన్నా మిగిలిందా? నిన్న మజ్జానం నుంచీ కడుపులో ఏం పళ్లేదు.”

సభా విశేషాలన్నీ నేనే టైపు చేశాను. ఈ మాట అందులో లేదు. అప్పటికి సభ ముగిసింది.