ముందద్దపు మహాసంగ్రామము

మేకాంగ్ మహానది ఎర్రనీటితో ఒడ్డులొరసికొని పరుగిడు వర్షర్తువున, నకొన్ ఫనోమ్ పురమున, ఒక నూడుల్సు అంగడి వెనుకటింట, ఆదివారపు అపరాహ్ణమున జరిగిన ఘోరసమరమును చెప్పెద, చెవియొగ్గుడు! అద్దములు తోముటలో అద్వితీయుడు, మత్స్యపాత్రాధీశ్వరుడు, ఆ అంగడి యజమాని విచియన్ ఇందు నాయకుడు. అతని భార్యకు అన్నయైన థావర్న్ ప్రతినాయకుడు.

కలహకారణ మొక వేలెడు మీనము. పెదవులతో రాతిని పట్టి నాచు పీల్చుకొను ఆ చేపను జాలరి వలలో చూచి, కొనితెచ్చి తన గాజుతొట్టిలో విడిచి, అది ఎవరికిని దొరకని చుక్కల జాతియని విచియన్ ఊరెల్ల చాటియుండెను.

"ఏం చుక్కలు బావా? రోజూ వలలో పడే మామూలు చేపే ఇది," అని థావర్న్ మాంసపు లాబ్ ముద్ద మింగుచు నవ్వెను. "తోకరెక్క నిండా చుక్కలుంటే నీదే గెలుపు. లేవనుకో, ఇవాళే నా ఊరవేసిన చేపల జాడీలోకి పోతుంది. సరేనా?"

"సరే!" అనెను వీరుడు. అనిన మరుక్షణమే తొట్టివైపు చూచి నాలుక కరచుకొనెను. ఏలన, ఆ చేప తొట్టి వెనుకటద్దమున, దుంగ చాటున, దట్టపు నాచులో తోక ముడిచి అతుక్కొనియుండెను. దీపము చూపిన మరింత లోనికి దూరెను. దుంగ కదిపిన బురద లేచి లోకమెల్ల అంధకారబంధురమాయెను.

అంతట విచియన్ చేతులు జోడించి ఎలుగెత్తెను: "ఓ మీనోత్తమా! శిలాచుంబనచతురా! నీకోసం పొద్దున్నే ముందద్దం పీచుతో గీకి గీకి తళతళలాడించానే! ఒక్కసారి ఇటొచ్చి తోక విప్పవే తల్లీ! నీ ప్రాణం, నా పరువు రెండూ ఆ జాడీ అంచున ఉన్నాయే!"

"ఇంట్లో ఒక్క పళ్ళెం తోమమంటే నడుం పట్టేసిందంటావు," అనెను భార్య లమ్దువన్. "చేపకి మాత్రం గోడలు తోముతావు."

తోముట! ఆ మాటతో వీరునికి దిమ్మ తిరిగెను. నాచు తినెడి ప్రాణికి నాచంతయు గీకివేసిన అద్దమున ఏమున్నది? "అయ్యో నా బుద్ధి మండ! భోజనానికి పిలిచి ఖాళీ పళ్ళెం పెట్టానే!" అని నెత్తి కొట్టుకొని, బావమరిది పళ్ళెముపైకి గరుడునివలె లంఘించి, లాబ్ పక్కనున్న దోసకాయ ముక్కను హరించెను.

"ఓయ్! అది నాది!"

వినునదెవరు? చొక్కాచేయి తడియుటను లక్ష్యపెట్టక, మోచేతివరకు నీట ముంచి, ముక్కను ముందద్దమున కదిమిపట్టి, భుజము తిమ్మిరెక్కినను, ముక్కుపై దోమ వ్రాలినను, ఆ ధీరుడు చలింపక నిలిచెను. చేప కదిలెను. ఆగెను. అద్దమంచున జరిగి జరిగి వచ్చి ముక్కను కరచుకొని, తోకను అద్దమునకు ఆనించి విసనకఱ్ఱవలె విప్పెను.

థావర్న్ లేచి వచ్చి ముక్కు అద్దమునకు ఆనించెను. కళ్ళజోడు తుడుచుకొని మరల చూచెను. మిరియాల పొడి చల్లినట్లు తోకనిండ చుక్కలు!

"ఉన్నాయిలే," అని గొణిగెను.

ఆహా, ఆ నాలుగక్షరములు! జాడీ మూత కదలలేదు. వీరుని కన్నులు చెమర్చెను. "విన్నావా లమ్దువన్? మీ అన్నయ్య ఏమన్నాడో విన్నావా?"

"విన్నాను. అన్నయ్యకి ఇంకో దోసకాయ కోసిపెట్టు."

దిగ్విజయియైన విచియన్, ఒక చేయి ఇంకను నీటిలోనే ఉంచి, రెండవచేత కత్తికై తడుముకొనెను.